నాయన వదిలివెళ్లిన డీజిల్ పికప్‌ను రెండు అంగుళాలు కిందికి దించడం ఎలా

మా నాయన పికప్ 1987 నాటిది. జీపు ముక్కు, వెనక ఇనుప తొట్టి, బానెట్ కింద ప్యూజో డీజిల్ ఇంజను. నాలుగు సిలిండర్లు, 90 మిల్లీమీటర్ల బోరు, 2112 సీసీ. ఇరవై ఏళ్లకు పైగా మదనపల్లె మార్కెట్టుకు టమోటాలు తోలిన బండి అది. ఆయన పోయాక దాన్ని అమ్మడానికి నాకు మనసు రాలేదు. బెంగళూరులో కేఆర్ పురం దగ్గర మా ఇంటికి తెచ్చుకున్నాను.

తెచ్చిన వారానికే అసలు ఇబ్బంది తెలిసింది. సరుకు ఉన్నప్పుడు సమంగా నిలబడే బండి, ఖాళీగా ఉంటే వెనక లేచి ముక్కు నేల చూస్తుంది. ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా తొట్టి ఎగిరి పడుతుంది. అమ్మను ఎక్కించుకుని ఒకసారి హొస్కోటె దాకా వెళ్లి వచ్చాను. దిగాక రెండు రోజులు నడుం పట్టేసిందని చెప్పింది. బరువు మోసే బండిని బరువు లేకుండా నడుపుతున్నాం కాబట్టి దాని ఎత్తును, గట్టిదనాన్ని మన వాడకానికి తగ్గట్టు మార్చుకోవాలి. అది ఎలాగో నేను చేసిన వరుసలోనే చెబుతాను. మీ ఇంట్లోనూ తాతదో మామదో ఇలాంటి కమాను పట్టీల బండి ఉంటే పనికొస్తుంది. కమాను అంటే వంపు ఉక్కు పట్టీలను పేర్చి కట్టగా కట్టిన స్ప్రింగు, ఇంగ్లీషులో లీఫ్ స్ప్రింగు.

మొదలుపెట్టే ముందు ఒక నియమం పెట్టుకోండి. పెద్దవాళ్ల నుంచి వచ్చిన బండి మీద కోసే పని, కాల్చే పని, వెల్డింగ్ పని పెట్టుకోవద్దు. విప్పడం, బిగించడం, ఇవే చేయండి. రేపు మీ తమ్ముడో కొడుకో దాన్ని మళ్లీ మొదట ఉన్నట్టే చూడాలనుకుంటే ఒక ఆదివారంలో అయిపోవాలి. కింద నేను చెప్పే ప్రతి నిర్ణయం ఈ నియమం నుంచి వచ్చిందే.

ముందు కాగితాలు

బండి ఇంకా పోయినవారి పేరు మీదే ఉంటే పానా పట్టుకునే ముందు ఆ పని చూడండి. యజమాని చనిపోయిన 30 రోజుల్లోపు ఆ సంగతి ఆర్టీఓకు తెలపాలి. మూడు నెలల్లోపు ఫారం 31తో పేరు మార్పుకు దరఖాస్తు చేయాలి. ఆంధ్రా నంబరు బండి కర్ణాటకలో 12 నెలలకు మించి ఉంటే ఇక్కడ కొత్త నంబరు తీసుకోవాలి. దానికి అక్కడి ఆర్టీఓ నుంచి ఫారం 28 మీద ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) కావాలి. గూడ్స్ బండిగా నమోదై ఉంటే ఏటేటా ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) కూడా ఉంటుంది.

మనం ముద్దుగా వింటేజ్ అంటాం గానీ, 2021లో వచ్చిన కేంద్ర నియమాల ప్రకారం వింటేజ్ కావాలంటే మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటాలి. ఛాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మార్చకుండా మొదటి రూపంలో ఉండాలి. మా బండికి ఇంకా టైముంది. ఇప్పుడు ఛాసిస్ కోసేస్తే అప్పుడు ఆ అవకాశం పోతుంది. కోయొద్దు అనడానికి నాకున్న కారణాల్లో ఇదొకటి.

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కూడా తెలిసి ఉండాలి. తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదని అది చెబుతుంది. 2019 సవరణ తర్వాత, అనుమతి లేని మార్పు ఒక్కోదానికి ఐదు వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. గూడ్స్ బండి ఆర్సీలో మొత్తం ఎత్తు రాసి ఉండొచ్చు, తీసి చూడండి. తర్వాత జోడించిన పట్టీలు తీసేసి కంపెనీ ఎత్తుకు తేవడంలో పేచీ రాదు. అంతకంటే కిందికి వెళ్లాలనుకుంటే ముందే ఆర్టీఓ ఇన్‌స్పెక్టరును అడగండి, ఇన్సూరెన్స్ వాళ్లకు రాతపూర్వకంగా తెలియజేయండి. నేను రెండింటినీ చేశాకే జాకీ తీశాను.

కొలత లేకుండా బోల్టు ముట్టుకోవద్దు

చదునైన నేల మీద బండి నిలపండి. అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్ చదునుగా కనిపిస్తుంది గానీ, నీళ్లు పోవడానికి వాలు పెట్టి ఉంటారు. నేను మా బంధువుల ఖాళీ సైటులో కొత్తగా పోసిన కాంక్రీటు మీద చేశాను. నాలుగు టైర్లలో గాలి సమానంగా పట్టించండి. తొట్టి ఖాళీ చేయండి. డీజిల్ ట్యాంకు సగం ఉంటే మంచిది. చేత్తో నాలుగు మూలలా బండిని ఊపి వదిలేయండి, కమాన్లు తమ చోటికి వస్తాయి.

ఇప్పుడు చక్రం మధ్య నుంచి నిట్టనిలువుగా పైకి, మడ్‌గార్డ్ అంచు వరకు కొలవండి. నేల నుంచి కొలిస్తే టైరు గాలి లెక్క తప్పిస్తుంది. మా బండి కొలతలు ఇవి: వెనక ఎడమ 61 సెంటీమీటర్లు, వెనక కుడి 59.5, ముందు ఎడమ 49, ముందు కుడి 48. కుడి పక్క దిగి ఉండటం చూసి టెన్షన్ పడొద్దు. ఇన్నేళ్లూ డ్రైవరు కూర్చున్న పక్క అది.

ఇవి కాక ఇంకో నాలుగు కొలతలు పుస్తకంలో రాసుకోండి. వెనక యాక్సిల్‌కూ (రెండు చక్రాలను కలిపే ఇరుసు), అది పైకి లేచి ఛాసిస్‌కు కొట్టుకోకుండా ఆపే రబ్బరు బంప్ స్టాప్‌కూ మధ్య ఎంత ఖాళీ ఉంది? షాక్ అబ్జార్బర్ ఇప్పుడు ఎంత పొడవు ఉంది, పూర్తిగా నొక్కుకుంటే ఎంత అవుతుంది? గేర్‌బాక్స్ నుంచి వెనక యాక్సిల్‌ను తిప్పే ప్రొపెల్లర్ షాఫ్ట్‌లో, పొడవు సర్దుకోవడానికి జారే పళ్ల భాగం (స్ప్లైన్) ఇంకా ఎంత లోపలికి వెళ్లగలదు? ఆ షాఫ్ట్ రెండు చివర్లు బిగుసుకునే చదును ప్లేట్లలో, గేర్‌బాక్స్ వెనక ఫ్లాంజ్ వాలు ఎన్ని డిగ్రీలు, యాక్సిల్ హౌసింగ్ వైపు పినియన్ ఫ్లాంజ్ వాలు ఎన్ని డిగ్రీలు? వాలు కొలవడానికి ఫోనులోని లెవెల్ యాప్ చాలు. ఫోనును ఒకే పక్కకు తిప్పి రెండుచోట్లా పెట్టాలి, అంతే. ఫొటోలు కూడా తీసుకోండి.

కమాను యాక్సిల్‌కు పైనుందా, కిందుందా?

ఈ ఒక్క సంగతి చూసుకోకుండా దిమ్మలు (ఎత్తు మార్చడానికి యాక్సిల్‌కూ కమానుకూ మధ్య పెట్టే ఉక్కు ముక్కలు) కొని బండిని మరింత ఎత్తు చేసుకున్నవాళ్లు ఉన్నారు. కాబట్టి బండి కిందికి దూరి, టార్చి వేసి, మీ కళ్లతో చూడండి.

పాత జీపు తరహా బండ్లలో చాలావాటికి కమాను కట్ట యాక్సిల్ కింద ఉంటుంది. యాక్సిల్ కట్ట మీద కూర్చుంటుంది, రెండింటినీ కలిపి పట్టే U ఆకారపు యూ బోల్టులు పైనుంచి దిగి అడుగున ఉన్న ప్లేటుకు బిగుస్తాయి. బరువు మోసే బండ్లలో చాలావాటికి కట్ట యాక్సిల్ పైన ఉంటుంది. మా బండికి ముందూ వెనకా కట్ట కిందే ఉంది.

కట్ట కింద ఉన్న బండికి, యాక్సిల్‌కూ కట్టకూ మధ్య దిమ్మ పెడితే యాక్సిల్ పైకి జరుగుతుంది, అంటే బండి దిగుతుంది. కట్ట పైన ఉన్న బండికి అదే దిమ్మ అదేచోట పెడితే బండి లేస్తుంది. దిమ్మ ఒకటే అయినా ఫలితం తలకిందులు. రెండో రకం బండిని దించాలంటే పట్టీలు తగ్గించడం, లేదా తక్కువ వంపుతో కొత్త కట్ట చేయించడం, ఈ రెండే మన నియమానికి లోబడ్డ దారులు. యాక్సిల్‌ను కట్ట మీదికి మార్చే పద్ధతి ఉంది గానీ దానికి వెల్డింగ్ కావాలి, పైగా బండి మరీ కిందికి వెళ్లిపోతుంది. వద్దు.

ఇంకో తేడా కూడా గుర్తుంచుకోండి. కట్ట పైన ఉన్న బండిలో ఒక పట్టీ తీస్తే ఆ పట్టీ మందం అంతా నేరుగా ఎత్తులో తగ్గుతుంది, పైగా కట్ట మెత్తబడి ఇంకొంచెం దిగుతుంది. కట్ట కింద ఉన్న బండిలో అన్నిటికంటే పైనున్న పొడవాటి మెయిన్ పట్టీయే యాక్సిల్‌కు ఆని ఉంటుంది. కింది పట్టీ తీసినా మందం లెక్కలోకి రాదు, కట్ట మెత్తబడినంత మేరకే దిగుతుంది. ఒకే పని చేసిన ఇద్దరికి వేర్వేరు ఫలితాలు రావడానికి ఇదే కారణం.

తర్వాత జోడించిన పట్టీలు తీయడం

సరుకు తోలిన ప్రతి పాత బండిలోనూ ఎవరో ఒకరు పట్టీలు జోడించి ఉంటారు. మా నాయన రెండు వేయించాడు. కంపెనీ పట్టీల చివర్లు గుండ్రంగా, పలచగా సాగి ఉంటాయి. తర్వాత వేసినవి చివర నిలువుగా తెగ్గోసినట్టు ఉంటాయి. తుప్పు రంగు కూడా వేరుగా ఉంటుంది. ముందుగా వీటినే తీయాలి. ఒక్కోసారి దీంతోనే పని పూర్తవుతుంది.

ముందు రోజు రాత్రే యూ బోల్టు నట్లకు, కట్ట చివరను ఛాసిస్‌కు వేలాడదీసే షాకిల్ బోల్టులకు డబ్ల్యూడీ-40 కొట్టండి. అది లేకుంటే డీజిల్‌లో తడిపిన గుడ్డ చుట్టి వదిలేయండి. ముప్పై ఏళ్ల మట్టి, గ్రీజు కలిసి రాయిలా అయి ఉంటుంది, వైరు బ్రష్‌తో గోకి తీయండి.

తెల్లారి ముందు చక్రాలకు రెండు పక్కలా చెక్క దిమ్మలు కట్టుదిట్టంగా పెట్టండి. వెనక చక్రాలు లేచాక హ్యాండ్ బ్రేకు బండిని ఆపదు. వెనక చక్రాల నట్లు బండి నేల మీద ఉండగానే ఒక తిప్పు వదులు చేయండి. జాకీతో లేపి, స్టాండ్లు ఛాసిస్ పట్టాల కింద పెట్టండి. మనం విప్పేది యాక్సిల్‌నే కాబట్టి దాని కింద స్టాండు పెట్టకూడదు. ఇటుకలు, హాలో బ్లాకులు అసలు వద్దు. హాలో బ్లాకు పగిలేముందు చప్పుడు కూడా చేయదు. చక్రాలు విప్పి, వాటిని ఛాసిస్ కింద అడ్డంగా పడుకోబెట్టండి. స్టాండు జారినా బండి వాటి మీద ఆగుతుంది. ఒంటరిగా ఈ పని చేయొద్దు, ఇంకొకరు పక్కన ఉండాలి.

జాకీని యాక్సిల్ కింద పెట్టి దాని బరువు మాత్రమే మోసేలా ఆనించండి. షాక్ అబ్జార్బర్ కింది బోల్టు విప్పండి. బ్రేకు హోసు లాగబడకుండా చూస్తూ ఉండండి. తర్వాత యూ బోల్టులు విప్పాలి. అవి మొరాయిస్తే నట్టును గ్రైండరుతో చీల్చేయొచ్చు. ఒకసారి బిగించిన యూ బోల్టు సాగి ఉంటుంది, దాన్ని మళ్లీ వాడకూడదు. కోసే పని వద్దన్న నియమంలో యూ బోల్టులు రావు. గ్రైండరు పెట్టేముందు బ్యాటరీ తీగ విప్పి, డీజిల్ పైపు, రిటర్న్ పైపు దగ్గర తడి గోనెపట్ట కప్పండి. ఇప్పుడు మెయిన్ పట్టీ చివరి రింగుల (వీటినే కళ్లు అంటారు) దగ్గర ముందు బోల్టు, వెనక షాకిల్ విప్పితే కట్ట చేతికొస్తుంది. అది మీరనుకున్న దానికంటే బరువు ఉంటుంది, ఇద్దరూ పట్టుకోండి.

సెంటర్ బోల్టు విప్పడం ఈ మొత్తం పనిలో ఎక్కువ ప్రమాదమున్న మెట్టు. ఒక్కో పట్టీకి ఒక్కో వంపు ఉంటుంది. సెంటర్ బోల్టు వాటిని బలవంతంగా ఒకటిగా పట్టి ఉంచుతుంది. అది ఊడిన క్షణంలో పట్టీలు విడిపోయి ఎగురుతాయి. బోల్టుకు రెండు పక్కలా రెండు గట్టి సీ-క్లాంపులు బిగించాకే దాన్ని తీయండి. తర్వాత క్లాంపులను మార్చి మార్చి కొద్దికొద్దిగా వదలండి. మొహం పట్టీల చివరలకు ఎదురుగా పెట్టకండి.

విడివడ్డ పట్టీలకు సుద్దతో నంబర్లు వేయండి. ఒక్కోదాన్నీ తుడిచి, వెలుతురులో సెంటర్ రంధ్రం చుట్టూ, చివర్ల దగ్గర చూడండి. వెంట్రుక మందం పగులు కనిపించినా ఆ పట్టీ పనికిరాదు. మెయిన్ పట్టీని, దాని కళ్లను కాపాడే రెండో పట్టీని ఎప్పటికీ తీయకూడదు. మెయిన్ పట్టీ విరిగినప్పుడు యాక్సిల్ బండి కింద నుంచి తప్పుకోకుండా పట్టేది ఆ రెండోదే. కంపెనీ ఇచ్చిన పట్టీల్లో ఒక్కటీ తగ్గించకండి. తగ్గిస్తే మిగిలినవాటి మీద భారం పెరిగి అవి విరుగుతాయి.

పట్టీల మధ్య పలచగా గ్రాఫైట్ గ్రీజు రాసి, కొత్త సెంటర్ బోల్టుతో తిరిగి కట్టండి. మా బండికి ఆ రెండు పట్టీలు తీసేసరికి వెనక 3 సెంటీమీటర్లు దిగింది. ఒక్క ఆ పనితోనే నడక సగం మెత్తబడింది.

కాల్చి వంపు తీయించుకోవద్దు

ఇదంతా నేర్చుకోకముందు, మొదటిసారి బండిని ఊళ్లో ఒక షెడ్డుకు తీసుకెళ్లాను. అక్కడ కమాను విప్పకుండానే గ్యాస్ మంటతో మెయిన్ పట్టీని ఎర్రగా కాల్చి, బండి బరువుకే కిందికి దింపేశారు. గంటలో పని అయిపోయింది, చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది. మూడు నెలల్లో ఆ పక్క ఇంకో మూడు సెంటీమీటర్లు కుంగింది. చింతామణి దారిలో ఒక గుంతలో పడినప్పుడు టప్పుమంది. కాల్చినచోటే పట్టీ సగం దాకా పగిలింది. రెండో పట్టీ పట్టుకోబట్టి ఇంటికి చేరాను.

కమాను ఉక్కును ఎర్రగా కాల్చి నూనెలో చల్లార్చి, మళ్లీ తక్కువ వేడి మీద టెంపర్ పడతారు. వంగినా తిరిగి లేచే గుణం ఆ టెంపర్‌దే. ఒకచోట మంట పెడితే అక్కడ టెంపర్ పోయి మామూలు ఇనుములా మెత్తబడుతుంది, దాని అంచున పెళుసుబారుతుంది. పట్టీల మీద వెల్డింగ్ స్పార్కు పడినా ఇదే జరుగుతుంది. గ్యాస్ కట్టర్ చేతిలో పట్టుకుని "రెండు నిమిషాల పని అన్నా" అనేవాళ్ల దగ్గర నుంచి బండి వెనక్కి తెచ్చేసుకోండి.

ఆ పట్టీ పోయాక మైసూరు రోడ్డు వైపు లారీల కమాన్లు కట్టే ఒక మేస్త్రి దగ్గరికి వెళ్లాను. ఆయనది మా ఉమ్మడి చిత్తూరు జిల్లానే. పట్టీ చూసి, "దీన్ని ఎవురో ఇనుమనుకున్న్యారు సామీ, ఇది ఎముక" అన్నాడు. అదే కొలతతో కొత్త మెయిన్ పట్టీ చేసిచ్చి, కట్టను ఎలా విప్పాలో, ఎలా కట్టాలో రోజంతా నిలబెట్టి చూపించాడు. పైన రాసిన క్లాంపుల పద్ధతి ఆయన నేర్పిందే.

వెనక దిమ్మ పెట్టడం

పట్టీలు తీశాక వారం రోజులు నడపండి. కమాన్లు తమ చోటు చూసుకున్నాక మళ్లీ కొలవండి. చాలు అనిపిస్తే అక్కడే ఆపేయండి. నాకు ఇంకో అంగుళం కావాలనిపించింది, అందుకే 25 మిల్లీమీటర్ల దిమ్మలు పెట్టాను.

దిమ్మ ఒకటే గట్టి ఉక్కు ముక్క అయి ఉండాలి. చెక్క వద్దు, రెండు ముక్కలు ఒకదాని మీద ఒకటి పేర్చడం వద్దు. వెడల్పు పట్టీ వెడల్పుతో సమానంగా, పొడవు యాక్సిల్‌కున్న ప్యాడ్ (కట్ట ఆనే చదును భాగం) అంత ఉండాలి. సెంటర్ బోల్టు తల కూర్చోవడానికి దిమ్మ అడుగున రంధ్రం ఉండాలి. పైన అదే సైజు గుబ్బ ఉండి అది ప్యాడ్ రంధ్రంలో దిగాలి. గుబ్బ లేని దిమ్మ పెడితే గట్టిగా బ్రేకు వేసినప్పుడు యాక్సిల్ వెనక్కో ముందుకో జరిగిపోతుంది. పీణ్యాలో ఏ చిన్న మెషిన్ షాపులోనైనా బొమ్మ గీసి, కొలతలు వేసి ఇస్తే చేసిస్తారు. పాత సెంటర్ బోల్టు, ప్యాడ్ రంధ్రం కొలత వెంట తీసుకెళ్లండి. యూ బోల్టులు పాతవాటికంటే దిమ్మ మందమంత పొడవు కావాలి. జేసీ రోడ్డు, కలాసిపాళ్య వైపు స్పేర్ల దుకాణాల్లో పాతది చూపిస్తే అదే వంపు, అదే మందంతో దొరుకుతాయి.

యూ బోల్టులు బిగించేటప్పుడు నాలుగు నట్లను ఎదురెదురు మూలలుగా కొద్దికొద్దిగా బిగిస్తూ పోవాలి. ఒక నట్టును పూర్తిగా బిగించి రెండోదానికి వెళ్తే దిమ్మ వాలిపోతుంది. మీ బండి మాన్యువల్‌లో ఉన్న టార్క్‌కు టార్క్ రెంచితోనే ఆపండి. కళ్ల బోల్టులు, షాకిల్ బోల్టులు మాత్రం ఇప్పుడు వదులుగానే ఉంచి, బండి చక్రాల మీద నిలబడ్డాక బిగించండి. రబ్బరు బుష్షులు గాల్లో ఉండగా బిగిస్తే అవి ఎప్పుడూ మెలిపడి ఉండి నెలల్లో చిరిగిపోతాయి.

ముందు చక్రాల దగ్గర దిమ్మలు వద్దే వద్దు. అక్కడ స్టీరింగ్ ఉంది, గట్టి బ్రేకు భారమంతా అక్కడే పడుతుంది. పైగా డీజిల్ ఇంజను బరువు ముందే ఉంది. ముందు దించాలంటే తక్కువ వంపుతో కొత్త కట్ట చేయించుకోవడం మేలు. నేను 2.5 సెంటీమీటర్లు తక్కువ వచ్చేలా చేయించి, పాత కట్టను అలాగే దాచాను. వంపు తగ్గితే కట్ట పొడవు సాగుతుంది కాబట్టి షాకిల్ ఎంత వాలిందో చూడండి. ఛాసిస్‌కు తగిలేంతగా పడుకుంటే ఆ కట్ట పనికిరాదు.

దించాక చూడాల్సినవి

వెనక యాక్సిల్ మధ్యలోని గుండు నేలకు తగులుతుందేమోనని అందరూ భయపడతారు. హౌసింగ్ గుండు ఎత్తు టైరు సైజు మీద ఆధారపడుతుంది, కమాను మార్చితే అది మారదు. కిందికి వచ్చేవి ఛాసిస్, గేర్‌బాక్స్ క్రాస్ మెంబర్, సైలెన్సర్ పైపు. కట్ట కింద ఉన్న బండికి దిమ్మ పెడితే యూ బోల్టు అడుగు ప్లేటు కూడా దిమ్మ మందమంత నేలకు దగ్గరవుతుంది. ఐఆర్‌సీ (ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్) లెక్క ప్రకారం కట్టిన స్పీడ్ హంపు 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉంటుంది. బెంగళూరు లేఅవుట్లలో మనుషులు తమంతట తాము వేసుకున్నవి దానికంటే ఎత్తుగా, ఇరుగ్గా ఉంటాయి. బేస్‌మెంట్ ర్యాంపు పైమలుపు ఇంకో పరీక్ష. బండి మధ్యభాగం అక్కడే తగులుతుంది. ఒకరిని పక్కన కూర్చోబెట్టి చూడమని, నడక వేగంతో ఎక్కించండి.

బంప్ స్టాప్ ఖాళీ మాకు మొదట 9 సెంటీమీటర్లు ఉండేది. పట్టీల వల్ల 3, దిమ్మ వల్ల 2.5 పోయి 3.5 మిగిలింది. అది చాలదు, చిన్న గుంతకే రబ్బరుకు కొట్టుకుంటుంది. పాత రబ్బరును కోయకుండా విప్పి దాచి, రెండు సెంటీమీటర్లు పొట్టిగా ఉన్నది వేశాను. ఖాళీ 5.5 అయింది. కానీ దీనివల్ల యాక్సిల్ ఇదివరకటికంటే రెండు సెంటీమీటర్లు ఎక్కువ పైకి రాగలుగుతుంది. ఆ రెండు సెంటీమీటర్లలో టైరు తొట్టికి రాసుకుంటుందా, షాఫ్ట్ క్రాస్ మెంబర్‌కు తగులుతుందా, సైలెన్సర్ యాక్సిల్‌కు తగులుతుందా అని తొట్టిలో మూడు సిమెంటు బస్తాలు, అంటే 150 కిలోలు, వేసి చూశాను. తర్వాత యాక్సిల్‌ను జాకీతో రబ్బరుకు ఆనేదాకా లేపి కూడా చూశాను.

షాక్ అబ్జార్బర్ల విషయంలో తొందరపడి కొత్తవి కొనకండి. కింది చివర యూ బోల్టు ప్లేటుకు ఉంటే దిమ్మ వల్ల దాని పొడవు మారదు, పట్టీల వల్ల దిగిన మేరకే పొట్టిపడుతుంది. కింది చివర యాక్సిల్‌కే ఉంటే మొత్తం దిగినంతా పొట్టిపడుతుంది. ఏదైనా సరే, యాక్సిల్ బంప్ రబ్బరుకు ఆనినప్పుడు షాక్ అబ్జార్బర్‌లో ఇంకా కొంచెం కదలిక మిగలాలి. మాకు పాతవే సరిపోయాయి.

షాఫ్ట్ వాలు మళ్లీ కొలవండి. గేర్‌బాక్స్ ఫ్లాంజ్, పినియన్ ఫ్లాంజ్ ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి. ఒక డిగ్రీ తేడా వరకు ఫర్వాలేదు. మించితే కట్టకూ ప్యాడ్‌కూ మధ్య ఉక్కు వెడ్జి (ఏటవాలు ముక్క) పెట్టి సరిచేయాలి. పాత డీజిల్ ఇంజను నిలబడ్డప్పుడే అదురుతుంది కాబట్టి షాఫ్ట్ అదురును గుర్తించడం కష్టం. 50 దాటాక గేరు న్యూట్రల్ చేసి, ఇంజనును ఐడిల్‌లో వదిలి చూడండి. అదురు తగ్గితే అది ఇంజనుది. వేగంతో పాటే ఉంటే షాఫ్ట్‌ది. ఖాళీ రోడ్డు మీద మాత్రమే చేయండి, ఇంజను ఆపకండి.

కొన్ని పికప్‌లకు వెనక యాక్సిల్ నుంచి ఒక సన్నని కడ్డీ ఛాసిస్ మీది బ్రేకు వాల్వుకు వెళ్తుంది. బండి దిగితే సరుకు ఎక్కిందని ఆ వాల్వు అనుకుంటుంది, వెనక బ్రేకులకు ఎక్కువ ఒత్తిడి పంపుతుంది. అప్పుడు వానలో ఖాళీ బండి వెనక చక్రాలు బిగిసి పక్కకు లాగేస్తుంది. ఆ కడ్డీ ఉంటే మాన్యువల్ ప్రకారం సర్దించాల్సిందే. బ్రేకు హోసు, హ్యాండ్ బ్రేకు తీగ కూడా యాక్సిల్ పూర్తిగా దిగినప్పుడు, పూర్తిగా లేచినప్పుడు ఎక్కడా బిగుసుకోకుండా, రాసుకోకుండా ఉండాలి.

ముందు దించితే స్టీరింగ్ చక్రం మధ్యలో నిలవదు, డ్రాగ్ లింక్ (స్టీరింగ్ నుంచి చక్రాల వైపు వెళ్లే కడ్డీ) సర్ది టో అలైన్‌మెంట్ (ముందు చక్రాలు తిన్నగా చూసేలా సర్దడం) చేయించండి. వెనక ఎక్కువ దిగింది కాబట్టి హెడ్‌లైట్లు పైకి చూస్తాయి. గోడ మీద గీత గీసి వాటిని దించండి.

రోడ్డు మీద

మొదటి పది కిలోమీటర్లు 30 దాటకండి. ఆగి, యాక్సిల్ చుట్టూ చేత్తో తడిమి చూడండి. ఎక్కడైనా కొత్తగా రాసుకున్న మెరుపు కనిపిస్తే అక్కడ తగులుతోందని అర్థం. 100 కిలోమీటర్లకు ఒకసారి, 500కు ఒకసారి యూ బోల్టు నట్లను టార్క్ రెంచితో బిగించండి. మాకు 100 దగ్గర మూడు నట్లు కాస్త తిరిగాయి, 500 దగ్గర ఒక్కటీ కదల్లేదు. చివరి కొలతలు: వెనక ఎడమ 55.5, కుడి 54.5, ముందు రెండు పక్కలా 46. అమ్మ ఇప్పుడు మదనపల్లె దాకా ఇదే బండిలో వస్తోంది.

ఈ బండిలో ఇక మునుపటి బరువు వేయకూడదు. ఆర్సీలో రాసిన బరువు అలాగే ఉంటుంది గానీ, దిమ్మలు, పొట్టి రబ్బర్లు ఉన్నంతకాలం దాని దగ్గరికి కూడా పోకండి. మా ఇంట్లో ఎవరు తాళం తీసుకున్నా కనిపించేలా డ్యాష్‌బోర్డు మీద ఆ మాట పెయింటుతో రాశాను.

తీసిన రెండు పట్టీలు, పాత ముందు కట్ట, బంప్ రబ్బర్లు తుడిచి, పాత ఇంజను ఆయిల్ పూసి, గోనెసంచిలో చుట్టండి. ఏది ఏ పక్కదో, ఎన్నో నంబరుదో అట్టముక్క మీద రాసి సంచిలోపలే కట్టండి. మావి ఊళ్లో మా ఇంటి అటక మీద ఉన్నాయి, టమోటా గంపల పక్కన.